ఆనందానికి తగ్గ బెల్లం

రాష్ట్ర ఖాళీ గోనెసంచుల సంస్థ అని ఒకటుంది. సంచి ఖాళీగా ఉన్నంతవరకే దాని పెత్తనం. అందులో ఒక్క వడ్లగింజ పడిందా, ఆ సంచి ఇంకో శాఖ చేతికి పోతుంది. అంచేత సామర్లకోటలో ఉన్న ఆ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో పని పెద్దగా ఉండేది కాదు గానీ, మర్యాదలకి మాత్రం లోటుండేది కాదు. ఎవరింట్లో ఏ మంచి జరిగినా మర్నాడు ఆఫీసులో అందరి నోరూ తీపి చెయ్యాల్సిందే. మనవడు పుడితే కాజాలు, గృహప్రవేశానికి పూతరేకులు, బదిలీ రద్దయితే కోవా. వచ్చిన సంచులు లెక్కపెట్టడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ, ఎవరింట్లో ఏం జరిగిందో ఆరా తియ్యడం మర్చిపోయిన రోజు లేదు.

చిరిగిన సంచుల సెక్షను చూసే సీనియర్ అసిస్టెంటు మంగతాయారు గారికి ఆ మర్యాదల్లో ఎప్పుడూ తినే పాత్రే దక్కింది. పెట్టే పాత్ర దక్కలేదు. ఆవిడకీ, భర్త పద్మనాభం గారికీ పిల్లల్లేరు. ఉంటున్న ఇల్లు మావగారు కట్టిందే. ప్రమోషను రానైతే వచ్చింది గానీ, ఎవరో కోర్టుకెళ్ళడంతో ఆగి, ఆగి, ఆవిడ దాని సంగతి మర్చిపోయాక చేతికందింది. ఎవరైనా డబ్బా చాపినప్పుడల్లా ఆవిడ ఒకటి తీసుకుని, "ఈసారి నేను పెడతానండి" అనేది. యాభై దాటాక ఆ మాట అనడం కూడా మానేసింది. మానేసిందే గానీ మనసులోంచి పోలేదు. ఒక్కసారి, తన చేత్తో చేసి, తన సంతోషం పేరు చెప్పి, అందరికీ పంచాలని ఉండేది.

ఇలా ఉండగా రీజినల్ మేనేజరు విరూపాక్షం గారిని 'ఆరోగ్యమే కార్యాలయ భాగ్యం' అనే శిక్షణకి కొండ మీద ఏదో రిసార్టుకి పంపించారు. అక్కడ ఆయనకి పంచదార మానవజాతి శత్రువని తెలిసింది. తెలిసినవాడు తన మట్టుకు తను కాఫీలో మానుకుంటే గొడవే లేదు. కానీ ఆయన అధికారి. వచ్చిన మర్నాడే సర్క్యులర్ వేశారు.

"ఇకమీదట ఈ కార్యాలయ ఆవరణమునందు శుభవార్తల సందర్భమున పంచబడు తినుబండారములు బజారునందు కొనబడినవి కాక, గృహమునందు స్వయముగా తయారు చేయబడిన, తక్కువ తీపి గల ఓట్స్ అచ్చులు మాత్రమే అయి ఉండవలెను" అని దాని సారాంశం. వేరుశనగ అచ్చు ఉంటుంది కదా, అందులో వేరుశనగ గుళ్ళ బదులు ఓట్సు వేస్తే ఓట్స్ అచ్చు. రిసార్టులో ఆయనకి టీతో పాటు అదే పెట్టారట.

చెప్పడం తేలికే. అచ్చు నిలిచేది పాకం వల్ల. బెల్లం తగ్గించారా, పళ్ళెంలోంచి తియ్యగానే పొడి పొడి అవుతుంది. పొడి కాకూడదని ఇంకాసేపు పొయ్యి మీద ఉంచారా, రాయి అవుతుంది. యూనియన్ కార్యదర్శి గవర్రాజు కొడుక్కి ఇంజనీరింగ్ సీటొచ్చిందని తెచ్చిన అచ్చులు దార్లోనే పొడైపోతే, ఆయన చెంచాలు పెట్టి పంచాడు. "ఆకారము లేని పదార్థమును అచ్చుగా పరిగణించుటకు వీలు లేదు" అని మేనేజరు గారు తిరగ్గొట్టారు. స్టోర్ కీపరు అచ్చు ఆకారంలో నిక్షేపంగా ఉంది. అది కొరికిన అకౌంట్స్ ఆఫీసరు చయనులు గారి కట్టుడు పన్ను మాత్రం ఊడి అచ్చులోనే ఉండిపోయింది.

చెంచాలు వెనక్కి తీసుకెళ్ళాల్సొచ్చిన అవమానం గవర్రాజుని నిద్రపోనివ్వలేదు. నెలవారీ సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నాదొక ప్రశ్న. మా వాడికి సీటొచ్చింది. స్టోర్ కీపరు గారికి పోయిన గొడుగు దొరికింది. రెంటికీ ఒకటే తీపాండి? ఇదేం న్యాయమండి?"

విరూపాక్షం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత మౌలికమైన లోపం తన సర్క్యులర్లో ఉండిపోయిందని ఆయనకి అప్పుడే తట్టింది.

"తీపి అనునది ఆనందమునకు అనులోమానుపాతములో ఉండవలెను" అన్నారాయన.

అలా పుట్టింది ఆనంద నిర్ధారణ సంఘం. అధ్యక్షులు విరూపాక్షం గారు, ఆర్థిక సభ్యులు చయనులు గారు, ఉద్యోగుల ప్రతినిధి గవర్రాజు. ఎవరికి సంతోషం కలిగినా ముందుగా సంఘం ముందు హాజరై నిరూపించుకోవాలి. ఘన ఆనందమైతే పళ్ళేనికి ఆరు చెంచాల బెల్లం. మధ్యమమైతే మూడు. అల్పమైతే ఒకటి. ఈ మూడింటిలోనూ ఇమడని ఆనందానికి సున్నా. ఆ చొప్పున ఏడాదికి సరిపడా బెల్లం కూడా హెడ్డాఫీసు నుంచి కేటాయింపు చేయించుకున్నారు. తక్కువ తీపి ఉద్యమానికి సర్కారు వారి బెల్లం ఎందుకని హెడ్డాఫీసులో ఎవరూ అడగలేదు. అడగడానికి అది వాళ్ళ సెక్షను కాదు.

సంఘం నిష్పక్షపాతంగా పనిచేసింది. సొంతూరికి బదిలీ అయిన గుమస్తాకి ముందు ఘన ఆనందం మంజూరు చేశారు. తర్వాత విచారణలో అత్తగారిదీ అదే ఊరని బయటపడటంతో మధ్యమానికి తగ్గించారు. కవలలు పుట్టిన టైపిస్టుని, "రెండవ శిశువు ఆశించబడినదా, అనుకోకుండా లభించినదా?" అని అడిగారు. తెలియదన్నాడు పాపం. ఒక బిడ్డకే బెల్లమిచ్చారు. ఇదంతా చూసి కొందరు తమకి జరిగిన మంచిని దాచుకోవడం మొదలుపెట్టారు. రికార్డు గది గుమస్తా కూతురి పెళ్ళి కుదిరిన సంగతి పెళ్ళి భోజనాల్లో కూర్చున్నాక గానీ ఆఫీసువాళ్ళకి తెలియలేదు. మరికొందరికి లేని సంతోషాలు పుట్టుకొచ్చాయి. ఒకాయన గేదె ఈనిందని మూడు చెంచాలు పట్టుకుపోయాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ఆయనకి గేదె ఉందో లేదో సంఘం అడగలేదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే మంగతాయారు గారికి సంతోషం కలిగింది.

ఆవిడది పెద్దాపురం. సామర్లకోట ఎంతో దూరం కాదు గానీ, ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ షేర్ ఆటోలోనే రావాలి, పోవాలి. ఆ ఆటోలో ఆవిడ ఒక్కనాడు పూర్తి సీటు మీద కూర్చున్న పాపాన పోలేదు. డ్రైవరు పక్కన సగం నడుము లోపలా సగం బయటా, హ్యాండ్ బ్యాగు పక్కావిడ ఒళ్ళో. ఒకరోజు ఆటోవాడు నలుగురెదురుగా, "మామ్మగారూ, కాస్త సర్దుకోండి, ఇంకొకళ్ళు పడతారు" అన్నాడు. ఇంకొకళ్ళు పట్టడం సంగతలా ఉంచి, మామ్మగారూ అన్నాడు కదా! ఆ ఆదివారమే ఆవిడ పద్మనాభం గారి స్కూటీ తాళాలు తీసుకుని మార్కెట్ యార్డు మైదానానికి బయల్దేరింది.

"ఈ వయసులో ఎందుకే తాయారూ? ఎముకలు విరిగితే అతకవు" అన్నాడు పద్మనాభం.

"అతకనివి నా ఎముకలే కదండీ. మీరు వెనకాల పట్టుకోండి చాలు."

ఆయన పట్టుకున్నాడు, పరిగెత్తాడు, ఆయాసపడ్డాడు, వదిలేశాడు. ఆవిడ పడింది, లేచింది, మోకాలికి పసుపు పెట్టుకుంది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వెయ్యమంటే మొదటిసారి సున్నా వేసింది. మళ్ళీ వెళ్ళింది. ఆఖరికి లైసెన్సు వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్న పెద్దాపురం రోడ్డులో, నిండుగా జనంతో మూలుగుతూ పోతున్న అదే షేర్ ఆటోని హారన్ కొట్టి మరీ దాటేసింది. ఆ సంతోషం ఎలాంటిదంటే, ఆఫీసుకొచ్చి చిరిగిన సంచుల ముందు కూర్చున్నా చెంపలు నొప్పెట్టేలా నవ్వొస్తూనే ఉంది.

ఇంక పంచాల్సిందే. దానికి తగ్గ అచ్చు కూడా ఆవిడ చేతిలో ఉంది. పద్మనాభం గారికి షుగరు. బెల్లం డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టే ముక్కు కూడా ఉంది. ఆయన కోసమే ఆవిడ కొన్నాళ్ళుగా తిప్పలు పడుతోంది. మొదటి పళ్ళెం గోడకి కొట్టినా విరగలేదు. రెండోది ఊదితే ఎగిరిపోయింది. తర్వాత ఒకనాడు తొక్క నల్లబడి, పారెయ్యబోతున్న చక్కెరకేళీ పళ్ళు చూసి ఆగింది. వాటిని మెత్తగా చిదిమి, నానబెట్టిన ఖర్జూరం నూరి కలిపింది. ఓట్సు కమ్మటి వాసన వచ్చేదాకా నేతిలో వేయించి, నువ్వులూ వేరుశనగ పలుకులూ వేసి, ఒకే ఒక్క చెంచా బెల్లం కరిగించి పోసింది. నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, ఓవెన్లో ఎర్రగా కాల్చి, పూర్తిగా చల్లారేదాకా చెయ్యి పెట్టలేదు. అసలు రహస్యం ఆ ఓపికలోనే ఉంది. కోస్తే ముక్క ముక్కలాగే నిలిచింది.

ఆ రోజు పద్మనాభం ఒకటి తిని, అనుమానంగా చూశాడు. "ఇది నాకేనా? ఎవరికోసమైనా చేసి నాకు రుచి చూపిస్తున్నావా?"

"మీకే. కానీ రోజుకి ఒక్కటే. అరటిపండూ ఖర్జూరం కూడా తీపే, మరి."

ఆటోని దాటిన మర్నాడు ఆవిడ సంఘం ముందు నిలబడింది.

"ఆనంద కారణము?" అన్నారు విరూపాక్షం గారు.

"బండి నేర్చుకున్నానండి. లైసెన్సు కూడా వచ్చింది."

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. చయనులు గారు నిబంధనల మీద వేలుతో గీసుకుంటూ పోయారు. "జననం ఉంది. వివాహం ఉంది. పదోన్నతి, గృహనిర్మాణం, రోగ విముక్తి, పశువుల ఈత... బండి లేదండి."

"బండి కొనుక్కున్నారాండి?" గవర్రాజు సాయం చెయ్యబోయాడు. "కొంటే ఆస్తి కింద లాక్కురావచ్చు."

"లేదండి. బండి మా ఆయనదే. నేర్చుకోవడమే నాది."

"నేర్చుకొనుట నైపుణ్యము. ఆనందము కాదు" అని తేల్చేశారు విరూపాక్షం గారు. "అయినను మీ సీనియారిటీని దృష్టిలో ఉంచుకుని, అచ్చులు పంచుకొనుటకు అనుమతి ఇవ్వబడినది. బెల్లము సున్నా చెంచాలు."

తాయారు గారి మొహం మాడిపోయింది. పోనీ అనుకుంది. పంచనిస్తున్నారు, అదే పదివేలు. ఆ రాత్రి ఆ ఒక్క చెంచా బెల్లం కూడా మానేసి, బదులుగా నాలుగు ఖర్జూరాలు ఎక్కువ వేసి, మరింత గట్టిగా అదిమింది. పొద్దున్న స్టీలు డబ్బా నిండా అచ్చులు సర్దుకుని, బండి ముందు పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. నిబంధన ప్రకారం మొదటి ముక్కలు సంఘానికే పెట్టింది.

విరూపాక్షం గారు కొరికారు. నమలడం ఆపారు. మళ్ళీ నమిలారు. చయనులు గారు కొత్త పన్ను మీద భయంతో ముందు నాకి, తర్వాత కొరికి, కళ్ళు మూసుకున్నారు. గవర్రాజు రెండోది తీసుకున్నాడు.

"ఇది తియ్యగా ఉన్నది" అన్నారు విరూపాక్షం గారు తీవ్రంగా.

"ఆయ్, ఉందండి" అంది తాయారు గారు సంబరంగా.

"మీకు మంజూరైనది సున్నా. ఈ తీపి ఎక్కడిది?"

"అరటిపళ్ళదండి. కాస్త ఖర్జూరం."

"అరటిపండుకు అనుమతి ఎవరిచ్చారు?"

ఆవిడ అరటిచెట్టుని అడగాలేమో అనుకుంది గానీ పైకి అనలేదు.

"చూడండమ్మా" అన్నారు చయనులు గారు నొచ్చుకుంటూ, ఇంకో ముక్క అందుకుంటూ. "రుచి చూస్తే ఇది ఆరు చెంచాల సరుకు. నిర్ధారించిన ఆనందం సున్నా. ఆడిట్ వాళ్ళొస్తే ఏమంటారు? మీరు సంపాదించని ఆనందం అనుభవిస్తున్నారంటారు."

"తేడా సరిచేయవలెను" అన్నారు అధ్యక్షులవారు. "తీపి తగ్గించుట యొక మార్గము. రేపు అరటికాయతో చేయండి. పండుతో వలదు."

ఆ మాటకి తాయారు గారికి ఒళ్ళు మండింది. పచ్చి అరటికాయ అచ్చా! తను జీవితంలో మొదటిసారి పంచే తీపి అరటికాయ వేపుడా! "తగ్గించనండి" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నా సంతోషం తక్కువని మీరెలా చెప్తారండి? మీరు చూశారా?"

చూడలేదు. అదీ నిజమే. సంఘం ఇరుకున పడింది. అప్పుడు గవర్రాజు మూడో ముక్క మింగి, "అయితే క్షేత్ర పరిశీలన పెట్టండయ్యా. అధ్యక్షులవారు స్వయంగా వెనకాల కూర్చుని చూస్తే సరి" అన్నాడు. మేనేజరు గారి మీద ఆయనకి చెంచాల నాటి కక్ష ఇంకా పోలేదు.

ఆఫీసు ఆఫీసంతా గేటు దగ్గరికొచ్చింది. విరూపాక్షం గారు పంచె సర్దుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఒక చేత్తో సీటు వెనక కడ్డీ, రెండో చేత్తో ఫైలు పట్టుకుని ఎక్కారు. బండి ఒక్కసారి ముందుకి దూకింది. ఫైలు రోడ్డు మీద పడింది. ఆయన పడలేదు. బండి కాలవ వంతెన ఎక్కి, మలుపు తిరిగి, పెద్దాపురం రోడ్డున పడి కంటికి కనపడకుండా పోయింది.

తిరిగొచ్చేసరికి అధ్యక్షులవారి జుట్టు హెల్మెట్ కిందనుంచి కూడా లేచి ఉంది. దిగి, కాసేపు కొబ్బరిచెట్టుని పట్టుకుని నిలబడ్డారు.

"ఆనందం కనిపించిందాండి?" అడిగారు చయనులు గారు.

"వినిపించింది" అన్నారు విరూపాక్షం గారు. మొదటిసారి ఆయన మాటలోంచి సర్క్యులర్ పోయింది. "నేను కళ్ళు మూసుకున్నాను. ఆటోని దాటుతుంటే ఈవిడ నవ్వింది. చిన్నపిల్లలా... పెద్దగా... మా ఇంట్లో ఎవరూ అలా నవ్వగా నేను వినలేదు."

తాయారు గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మయ్య, ఒప్పుకున్నారు.

విరూపాక్షం గారు గొంతు సవరించుకున్నారు. సర్క్యులర్ తిరిగొచ్చింది. "క్షేత్ర పరిశీలన మేరకు ఇది ఘన ఆనందముగా నిర్ధారించడమైనది. ఆరు చెంచాలు!"

చప్పట్లు మోగాయి. తాయారు గారు స్టీలు డబ్బా మూత తీసింది. సరిగ్గా అప్పుడు చయనులు గారు, "ఆగండాగండి!" అని అరిచారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆరు చెంచాలు మంజూరైంది కదా. ఈ డబ్బాలో బెల్లం ఎంతమ్మా?"

"అస్సలు లేదండి. సున్నా అన్నారు కదా."

"చూశారా! మంజూరైన తీపి వినియోగం కాలేదు. మార్చి నెల. ఖర్చవ్వకపోతే మురిగిపోతుంది. ఈ ఆఫీసులో ఆనందం లేదనుకుని వచ్చే ఏడు హెడ్డాఫీసు బెల్లం కోసేస్తుంది. అందరి నోళ్ళలోనూ మట్టే!"

గుంపులో గుసగుసలు బయల్దేరాయి. గేదె ఈనినాయన మరీ కంగారు పడ్డాడు. విరూపాక్షం గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"మంగతాయారు గారూ, ఈ అచ్చులు చెల్లవు. రేపు ఆరు చెంచాల బెల్లముతో మరల చేసుకుని రండి."

"అరటిపళ్ళ తీపి మీద ఆరు చెంచాలాండి? నాలుక మొద్దుబారిపోతుంది. అసలు ఇదంతా తీపి తగ్గించడానికే కదండీ మొదలెట్టింది?"

"అది ఉద్దేశము. ఇది నిబంధన" అన్నారాయన.

కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు వేసినవాళ్ళే ఊడిన నాలుకకి రసీదు అడుగుతున్నారు. తాయారు గారు డబ్బాకేసి చూసింది. బంగారు రంగులో, నువ్వులు అంటుకుని, ఒక్కటీ విరగకుండా అచ్చులు. చుట్టూ చూసింది. ఇన్నేళ్ళూ వాళ్ళందరి కాజాలూ పూతరేకులూ తింది. ఏ ఒక్కరినీ, మీ సంతోషం ఎన్ని చెంచాలని అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు.

ఆవిడ మూత పెట్టేసింది. డబ్బా బండి ముందు పెట్టుకుంది. "అర్ధరోజు సెలవు వేసుకుంటానండి" అని చెప్పి బండి స్టార్టు చేసింది.

"ఏ కారణము చేత?" అన్నారు విరూపాక్షం గారు.

"అల్ప కారణమేనండి" అని బండి కదిపింది. గవర్రాజు నాలుగడుగులు వెనక పరిగెత్తి, ఆయాసపడి ఆగిపోయాడు.

రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఎంతకీ అయిపోవడం లేదు. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, ఒక ధాన్యం లారీ, కిక్కిరిసిన షేర్ ఆటో, తలమీద తోటకూర గంపతో ఒక ముసలమ్మ. తాయారు గారు బండి స్టాండు వేసింది. కాసేపు బెరుకుగా నిలబడింది. తర్వాత డబ్బా మూత తీసి పక్కనున్న సైకిలతనికి చాపింది. ఆయన ఎందుకని అడగలేదు. ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. లారీ డ్రైవరు కిందికి చెయ్యి చాపాడు. ఆటోలో సగం నడుము బయటికి వేసుకుని కూర్చున్న ఆడపిల్లకి పిలిచి మరీ రెండు పెట్టింది.

ముసలమ్మ గంప దించి, అచ్చు అటూ ఇటూ తిప్పి చూసి, ముందు పళ్ళతో కాస్త కొరికింది.

"బాగుందమ్మా. ఏంటి విశేషం? మనవడు పుట్టాడేంటి?"

"కాదండి. బండి నేర్చుకున్నాను."

ముసలమ్మ బండిని చూసింది. ఆవిడ తెల్లజుట్టు చూసింది. మళ్ళీ బండిని చూసింది.

"నువ్వే తోలుకొచ్చేవా? ఒక్కదానివే?"

"ఒక్కదాన్నేనండి."

"ఓసి నీ దుంపతెగ!" అని ముసలమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "అలాంటప్పుడు ఒకటి పెడతావేంటే? ఇంకోటి పెట్టు!"